గేరుబాక్సు డబ్బు ఎందుకు పంపలేదంటే

ప్రభువునందు ప్రియమైన కరుణమ్మక్కకు, తమ్ముడు దేవదానం వందనాలు చెప్పి రాసుకునేది.

గుంటూరులో నేను, అమ్మాయి, అల్లుడు, పిల్లలు దేవుని దయవల్ల బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? గేదె ఈనిందా? బావకు దగ్గు తగ్గిందా? నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నేను బాగున్నాను.

ఇక్కడ ఎండ బాగా ముదిరింది. మిరప యార్డు వైపు నుంచి గాలి తిరిగితే వీధి వీధంతా తుమ్ములే. చేలో ఉన్నప్పుడు మనకు తెలియని ఘాటు, గోతాలకెక్కాక ఇక్కడ తెలుస్తోంది. కార్ల షెడ్డులో నా పని తేలికే. పగలు సామాన్ల దగ్గర కూర్చోవడం, అడిగిన పానా అందించడం. యజమాని సాంబయ్య మంచివాడు, నన్ను పెద్దాయనా అని పిలుస్తాడు. అమ్మాయి వేళకు అన్నం పెడుతుంది. కూరల్లో మాత్రం మన రుచి లేదు. పక్కవాటా వాళ్ళు టిఫినయిందా అని అడుగుతారు గాని, జవాబు వినకుండానే మెట్లు దిగిపోతారు. ఆదివారం చర్చికి పోతాను. వెనక బల్ల మీద కూర్చుని వస్తాను. ఇంకా ఎవరూ పరిచయం కాలేదు. అయినా బాగానే ఉన్నాను.

అక్కా, ఇక అసలు సంగతి. బావ నా మీద కోపంగా ఉన్నాడు. నీకు చెప్పే ఉంటాడు. మొన్న షెడ్డు ఫోనుకు చేశాడు.

"ఏందిరా దేవదానం, డబ్బు నీ చేతికొచ్చి ఇన్నాళ్ళాయె. గేరుబాక్సుకు పంపావా లేదా?"

"లేదు బావా. కొంచెం..."

"కొంచెమేంది? నా కారు కొట్టంలో పెట్టుకుంది కోళ్ళు గుడ్లు పెట్టటానికా? పెళ్ళి కిరాయిలన్నీ పక్కూరోడు ఎగరేసకపోతన్నాడు. చేతగాకపోతే చెప్పు. నా డబ్బు నాకిచ్చేసి ఇంక నా గడప తొక్కమాక."

ఫోను పెట్టేశాడు. నాకు ఫోనులో మాట పెగలదని నీకు తెలుసు. పైగా చుట్టూ షెడ్డు మనుషులు. అందుకే ఈ ఉత్తరం. బావ అన్నం తిన్నాక చదివి వినిపించు. ముందు మాత్రం వద్దు.

బావ కారు మోడలు తయారీ ఆగిపోయింది కదా, గేరుబాక్సు కొత్తది ఎక్కడా దొరకలేదు. సాంబయ్య నన్ను నెట్టు సెంటరుకు పంపాడు. అంటే కంప్యూటర్లు పెట్టి గంటకింత అని తీసుకునే కొట్టు. దాన్ని నడిపే అమ్మాయి పేరు షాహిన్. నన్ను తాతా అంటుంది. పాత కార్ల సామాన్లు అమ్మేవాళ్ళ ప్రకటనలు వెతికి, బొంబాయిలో ఒకాయన దగ్గర మన గేరుబాక్సు ఉందని చూపించింది. ఫోటోలో ధగధగా మెరుస్తోంది, మూత మీద ఒక్క నూనె మరక తప్ప. నా పేరుతోనే ఆయనకు ఈమెయిల్ రాసింది. ఈమెయిల్ అంటే కంప్యూటరులో పోయే ఉత్తరం. గంటలో జవాబు వచ్చేసింది.

అంతా ఇంగ్లీషు. షాహిన్ తెలుగులో చెప్పింది. తాను దేవునికి భయపడేవాడినని, ఆదివారం ఆరాధన మాననని, అబద్ధం తన నోట రాదని రాశాడు. కింద కీర్తనల్లో ఒక వాక్యం. ఈ సంగతి బావకు ఫోనులో చెబితే ఎంత సంతోషపడ్డాడో. "విశ్వాసి రా! ఇంక అనుమానమేంది, పంపెయ్!" అన్నాడు. నాకూ అట్లాగే తోచింది. ఈ ఊళ్ళో వెనక బల్ల మీద కూర్చునేవాడికి, ఎక్కడో బొంబాయి నుంచి ఒకడు సహోదరా అని రాస్తే ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పు.

షాహిన్ మాత్రం పెదవి విరిచింది. "తాతా, షాపు పేరొకటి, డబ్బు వెయ్యమన్న ఖాతా పేరు ఇంకొకటి. ఇచ్చిన ఫోను మోగుతుందేగాని ఎవరూ తియ్యటంలేదు. పైగా ఇవ్వాళే పంపాలంట, వేరే పార్టీ వచ్చిందంట. ఈ కంగారెందుకంట?" అంది. ఆ గేరుబాక్సు పక్కన ఆ రోజు పేపరు పెట్టి, మళ్ళీ ఒక ఫోటో తీసి పంపమని రాసింది. వస్తువు నిజంగా దగ్గరుంటే అదెంత పని?

ఫోటో రాలేదు. ఉత్తరం వచ్చింది. సాటి విశ్వాసిని అనుమానిస్తారా, మీ విశ్వాసం ఇదేనా అని. అక్కా, నాకు తల కొట్టేసినట్టయింది. మన పద్ధతి నీకు తెలుసు కదా. సరే అన్నాక వెనక్కి పోవడం, ఒక మనిషిని మొహం మీద నమ్మను అనడం మన ఇంట్లో ఎవరికీ చేతకాదు. మొహమాటానికి పోయి, డబ్బు వేసొస్తానని లేచాను. బ్యాంకు కాగితం కూడా జేబులో పెట్టుకున్నాను.

షాహిన్ కొట్టు తలుపుకు అడ్డం నిలబడింది.

"తాతా, మీకు దణ్ణం పెడతా, ఒక్క గంట కూర్చోండి. టీ తాగండి. ఈలోపు నా పేరుతో నేనూ వాడికి రాస్తా. మీరెవరో నాకు తెలీనట్టే."

"ఎందుకమ్మా, పాపం ఆయన్ని..."

"పాపమేంది తాతా! గంటేగా!"

టీ తాగాను. ఇంకొకటి కూడా తెప్పించింది. జవాబు వచ్చింది. ఆ పిల్ల చదువుతూ చదువుతూ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. "తాతా, మీ సహోదరుడు నాకు సలాం చెప్పాడు! అయిదు పూటలా నమాజు చేస్తాడంట. అల్లా సాక్షిగా అబద్ధం ఆడడంట!"

గేరుబాక్సు ఫోటో అదే. మూత మీద నూనె మరక అదే. ఖాతా అదే. వేరే పార్టీ కూడా మళ్ళీ వచ్చేసింది. దేవుడొక్కడే మారాడు. పేరు చూసి దేవుణ్ణి మార్చుకుంటాడంట వాడు. షాహిన్ కొట్టుకొచ్చిన ఇంకొకాయన ఇట్లాగే జీపు ఇంజనుకు డబ్బు వేశాడంట. ఆ తర్వాత అవతలి నుంచి ఉత్తరమూ లేదు, ఇంజనూ లేదు.

నవ్వు రావలసిన చోట నాకు కళ్ళు చెమర్చాయి. డబ్బు పోతుందని కాదు. ఆ వాక్యం నేను నిజంగానే బైబిలు తీసి చదువుకున్నాను అక్కా.

బావతో ఈ మాట మెల్లగా చెప్పు. వాక్యం చూసి నమ్మడం బావ తప్పు కాదు. నేనూ నమ్మాను. కానీ బావ మిరపకాయలు యార్డుకు తెచ్చిన రోజులు గుర్తున్నాయి కదా. వ్యాపారి గోతం అడుగుదాకా చెయ్యి దూర్చి, అడుగుకాయ తీసి విరిచి చూడందే ధర చెప్పేవాడు కాదు. మన మాట మీద నమ్మకం లేదని బావ ఎంత తిట్టేవాడో. వాడు చూసింది కాయను, బావను కాదు. మనం కంప్యూటరులో మనిషిని చూశాం, సామాను చూడలేదు. ఊళ్ళో ఎవరైనా ఇట్లా కొంటామంటే చెప్పండి. ఫోనులో మనిషి పలకాలి, అడిగిన ఫోటో రావాలి, వస్తువు చేతికొచ్చాకే డబ్బు. ఇవ్వాళే అని తొందరపెట్టేవాడికి అసలే వద్దు.

బావ డబ్బు అట్లాగే ఉంది. అమ్మాయి బీరువాలో పెట్టించాను.

ఇంకొక సంగతి. సాంబయ్యకు తెలిసిన పాత సామాన్ల అంగడిలో మన మోడలు గేరుబాక్సు ఒకటి ఉంది. చూపుకు బాగుండదు. మురికి, జిడ్డు. మూత తీయించి చూశాను. పళ్ళు అరగలేదు. చెయ్యి పెట్టి తిప్పితే మెత్తగా తిరిగింది. అయినా నేను తీసుకోలేదు. కారు బావది. నడిపేది బావ. బావ వచ్చి తన చేత్తో తిప్పి చూసి, ఇది చాలు అంటేనే డబ్బు ఇస్తాను. అంగడాయన ఈ ఆదివారందాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆయన కులమేదో, దేవుడెవరో నాకు తెలియదు. మనిషి మాత్రం కొట్లోనే కూర్చుని ఉంటాడు.

బావ వచ్చేటప్పుడు కాసిని దోస వరుగులు, చింతకాయ తొక్కు ఇచ్చి పంపు. ఎక్కువ వద్దు, మోయలేడు. షాహిన్‌కు కూడా కొంచెం ఇవ్వాలని ఉంది. నువ్వు మందులు మానొద్దు. నీళ్ళ బిందెలు ఎత్తొద్దు. పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి, సంఘం పెద్దలకు నా వందనాలు. ప్రార్థనలో నన్ను తలుచుకో. పెద్దదానివి, నీ దీవెన ఉంటే నాకు చాలు.

బావ తన గడప తొక్కొద్దు అన్నాడు. తొక్కను. ఆయన్నే మా గడపకు రమ్మని చెప్పు. శనివారం మొదటి బస్సుకు నేను స్టాండులో ఉంటాను. అందరి ముందు తిట్టినా సరే, నిలబడి వింటాను. ఆ బస్సుకు రాకపోతే తర్వాత బస్సుకు ఉంటాను.

నీ తమ్ముడు,
దేవదానం