కళ్ళంలో కనపడే రెక్క

గురువారం, రాత్రి

నేను చేస్తున్న గ్లైడర్‌కి, అదే ఇంజను లేని బొమ్మ విమానానికి, పిన్ని మీద పంతంతో ఎరుపు వేస్తాననలేదు నేను. ఎర్ర గ్లైడర్ అంటే నాకు ముందు నుంచీ పిచ్చి. "మిరప కళ్ళంలో ఎర్రది పడితే ఎవడు వెతుకుతాడ్రా నీకు?" అని నిన్న పిన్ని కూలీలందరి ముందూ నవ్వింది.

ఆ కోపంతోనే, ఎర్రదీ దొరుకుతుందని చూపిద్దామని, ఇవాళ రెండు చెక్కముక్కలు తీసుకుని, రెక్కలకి ఇస్త్రీపెట్టెతో అంటించే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఒకదానికి ఎర్రది, ఒకదానికి తెల్లది వేసి కళ్ళంలోకి విసిరాను. పిన్ని తాలుకాయలు ఏరుతోంది. తెల్లది పడీపడగానే ఆమె చేతిలో ఉంది. ఎర్రది ఎంత వెతికినా దొరకలేదు. చివరికి పిన్ని లేచి చూస్తే ఆమె కాలి కిందే ఉంది, విరిగిపోయి.

పోయినేడు నా చిన్న గ్లైడర్ ఇలాగే నలిగింది. ఈ పెద్దదాని రెక్కలు నా మంచం కంటే పొడుగు. విరిగితే మళ్ళీ చేసే ఓపిక నాకు లేదు.

ఈసారి పిన్ని నవ్వలేదు. "పైన తెల్లది వెయ్యరా, కింద పడితే మాకు కనపడుద్ది. అడుగున నీ ఎరుపు వేసుకో, ఎగిరేటప్పుడు నువ్వు చూసుకుందువు" అంది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో.

సాయంత్రం రెండు రంగులూ వేసేశాను. వేడికి ఫిల్మ్ బిగిసింది, రెక్క మాత్రం మెలిపడలేదు. హమ్మయ్య అనిపించింది. రేపు ఎండలో ఫిల్మ్ ముడతలు పడుతుందేమో మరి...

"ఏరా, నా ఇస్త్రీపెట్టె ఏదిరా? చర్చికి తెల్లచీర తీశాను" అని పిన్ని కింద నుంచి అరుస్తోంది. పెట్టె అడుగున అంటిన ఫిల్మ్ ఎర్ర జిగురు ఇంకా తుడవలేదు. వెళ్ళాలి.