ప్రశ్న తప్ప మరో మాట మాట్లాడను

మార్చి 3, సోమవారం. సాయంత్రం 7:15

జరిగినది జరిగినట్టు, వరుస క్రమంలో:

1. మా స్కూలు బ్యాగుల కార్ఖానాలో కుట్టు సెక్షను నుంచి ఏడాదిలో తొమ్మిది మంది మానేశారు. సూపర్‌వైజరుగా ఆ సెక్షను నాది. ఎందుకు మానేస్తున్నారని యజమాని అడిగారు. నేను జేబులో పెన్ను సర్దుకున్నాను.

2. వెంటనే ఒక ప్రశ్నపత్రం తయారుచేశాను. ఇరవై ప్రశ్నలు, ఒక్కొక్కదానికి అయిదు గళ్ళు, గళ్ళన్నీ స్కేలుతో గీసినవి. మిగిలిన పన్నెండు మందీ అన్ని ప్రశ్నలకూ "చాలా సంతృప్తి" గడిలోనే టిక్కు పెట్టారు. గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయన్న ప్రశ్నకు కూడా. సెక్షనులో ఫ్యాను ఆగిపోయి రెండు నెలలు.

3. యజమాని కాగితాలన్నీ తిరగేసి, "ఇంత సుఖపడుతున్నవాళ్ళు ఎందుకు పోతున్నారయ్యా?" అన్నారు. నెలాఖరులోగా అసలు కారణం తేలకపోతే సెక్షను మూసేసి, బ్యాగులు బయట కుట్టిస్తారట. పన్నెండు మందికి పని పోతుంది. వారిలో ఒకడు మా బావమరిది, అనగా మా ఆవిడకున్న ఒక్కగానొక్క తమ్ముడు. ఈ సంగతి ఇంట్లో చెప్పాను. చెప్పే ముందు భోజనం ముగించి ఉండాల్సింది.

4. పాత పుస్తకాల కొట్టులో పరిశోధన పద్ధతుల మీద ఒక పుస్తకం దొరికింది. అట్ట లేదు. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. అట్టల్లేని పుస్తకాలతోనే ఇంతవాణ్ణయ్యాను. ఇంటర్వ్యూల అధ్యాయం రెండుసార్లు చదివి ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీశాను. గీత పడని వాక్యం మిగల్లేదు.

5. కనుక నిర్ణయం: పన్నెండు మందినీ ఒక్కొక్కరిగా ఇంటర్వ్యూ చేస్తాను.

ఇంటర్వ్యూ గుణాలు (పుస్తకం నుంచి): గడిలో పట్టని సంగతి మాటలో పడుతుంది. చెప్పేవారి మొహం కనిపిస్తుంది. అర్థం కానిది మళ్ళీ అడగవచ్చు. మనకు తోచని ప్రశ్నకు కూడా జవాబు రావచ్చు.

దోషాలు: నాలుగు పేజీలున్నాయి. అవి అజాగ్రత్తగా చేసేవారికి సంబంధించినవి.

శపథం: ఇంటర్వ్యూలో ప్రశ్న తప్ప మరో మాట మాట్లాడను. జవాబు నేను అందించను. ఎదుటివారు ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను.

(ఇంటిపేరు, తండ్రిగారి పేరు, నా పేరు, మూడూ కలిపి పూర్తి సంతకం)

మార్చి 5, బుధవారం. సాయంత్రం 6:50

రోజూలాగే అందరికన్నా గంట ముందు కార్ఖానాకు వెళ్ళాను. నిన్నటి పనిలో కుట్టు వంకరపోయిన బ్యాగులు విప్పి, నేనే తిరిగి కుట్టి, ఎవరి బల్ల మీద వారివి పెట్టేశాను. ఎన్నేళ్ళుగానో ఇదే అలవాటు. ఎవరినీ పల్లెత్తు మాట అనను. అనే సూపర్‌వైజర్లున్నారు. నేను ఆ కోవలోకి రాను.

స్టోరు గదిలో దారం కండెలు పక్కకు నెట్టి, రెండు కుర్చీలు వేసి, ఫోనులో రికార్డింగు పెట్టాను. మొదటి మనిషి కటింగు మేస్త్రీ.

ప్రశ్న: "ఇక్కడి పని గురించి మీ అనుభవం చెప్పండి." ఎటు కావాలంటే అటు వెళ్ళగలిగే ప్రశ్న. మేస్త్రీ ఎటూ వెళ్ళలేదు. పైకప్పు చూశాడు. కండెల వైపు చూశాడు. నేను ఊరుకున్నాను. అతనూ ఊరుకున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు చచ్చిపోతారేమో అనిపించింది.

"ఫ్యాను లేక ఇబ్బందా?" అన్నాను.

"ఫ్యాను లేకే సార్," అన్నాడు ప్రాణం లేచొచ్చినట్టు.

తర్వాత ఫ్యాను చరిత్ర, బేరింగుల రకాలు నేను కొంత వివరించాల్సి వచ్చింది.

సమర్థన: నేనన్నది ప్రశ్న రూపంలోనే ఉంది. శపథానికి భంగం లేదు.

(పూర్తి సంతకం)

మార్చి 6, గురువారం. సాయంత్రం 7 ప్రాంతం

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ రికార్డింగు విన్నది. సగం అయ్యాక, ఇంటర్వ్యూ ఇచ్చింది ఎవరని అడిగింది. మేస్త్రీ అన్నాను. "మరి ఆయనేడీ?" అంది.

నిజమే. మేస్త్రీ వంతుకు "అవున్సార్", "అంతే సార్", ఒక దగ్గు. మిగతాదంతా ఎవరో చాదస్తుడు బేరింగుల గురించి చెబుతున్నాడు. నా గొంతు అలా ఉంటుందని ఇన్నేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మీ దగ్గర చెప్పాల్సినవాడే కూర్చుని వింటున్నాడు," అంది. తర్వాత కత్తిపీట పక్కన పెట్టి, తమ్ముడి పని పోతే వాళ్ళిల్లు ఎలా గడుస్తుందో ఒక్కసారైనా ఆలోచించారా అని అడిగింది. ఆలోచిస్తున్నానన్నాను. ఆలోచించడానికి కాదు, వినడానికి జీతమిచ్చే రోజులొస్తే మనం పస్తులే అంది.

దోషం 1: అడిగేవాడు నోటికందించిన జవాబే తిరిగి వస్తుంది.

నివారణ: పిప్పరమెంటు. నోట్లో అది కరిగేదాకా మాట్లాడకూడదు. రేపే ఒక పొట్లం కొంటాను.

(సంతకం, తండ్రిగారి పేరు లేకుండా)

మార్చి 10, సోమవారం. సాయంత్రం

జిప్పులక్కతో ఇంటర్వ్యూ. సెక్షనులో అందరికన్నా పాత మనిషి, జిప్పులు కుట్టడంలో చెయ్యి తిరిగినది కనుక అందరికీ జిప్పులక్క.

ప్రశ్న అడిగి పిప్పరమెంటు వేసుకున్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, ఒంట్లో బాగాలేదా అంది. తల ఊపాను. పన్నా అంది. మళ్ళీ ఊపాను. అక్కడి నుంచి పంటినొప్పికి లవంగం, ఉప్పునీళ్ళు, వాళ్ళ తోటికోడలు పీకించుకున్న దవడపన్ను. నేను పిప్పరమెంటు మీద పిప్పరమెంటు వేసుకుంటున్నాను. పరిశోధన చరిత్రలో పంటి మీద ఇంత లోతైన ఇంటర్వ్యూ జరిగి ఉండదు.

చివర్లో మాత్రం ఒకటి అంది. "కొత్తగా వచ్చినవాళ్ళు పొద్దున్నే బల్ల చూసుకుంటారు సార్. చూసుకుని..." అని ఆగింది. అడగవలసిన చోటు అదే. "చూసుకుని?" అన్న ఒక్క మాట చాలు. నోట్లో రెండు పిప్పరమెంట్లున్నాయి. ఆవిడ నా మొహం చూసి, "సూదులు మంచివి తెప్పించండి," అని లేచిపోయింది.

దోషం 2: మాట్లాడితే ఒక తంటా, మాట్లాడకపోతే ఒక తంటా.

(సంతకం)

మార్చి 13, గురువారం

పన్నెండింట్లో పది ఇంటర్వ్యూలు పూర్తి. ఇక సాపు రాయాలి. మనిషి మాట్లాడినది కాగితం మీద పెడితే మధ్యలో తెగిన వాక్యాలు, "అదేంటంటే సార్"లు, నవ్వులు. యజమానికి అలా ఎలా ఇవ్వగలను? కాస్త సరిచేశాను.

అన్నది: "ఏముంది సార్, అలా గడిచిపోతోంది."
రాసినది: "ప్రస్తుత పరిస్థితుల పట్ల తమకు అభ్యంతరమేమీ లేదని తెలియజేశారు."

అన్నది: "మీరున్నారు కదా సార్, మేమేం చేసినా ఒకటే."
రాసినది: "పర్యవేక్షణ పట్ల పూర్తి విశ్వాసం వ్యక్తపరిచారు."

చక్కగా కుదిరింది. మా ఆవిడకు చదివి వినిపించాను. అన్నీ విన్నాక, "ఇందులో పది మంది లేరండీ. ఒక్కరే ఉన్నారు. ఆయనతో ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను," అంది.

మార్చి 18, మంగళవారం

మా ఆవిడ సలహా: ఉన్నవాళ్ళను అడిగితే పోయినవాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది? పుస్తకంలో లేదు. అయినా సబబుగా ఉంది.

మానేసినవాళ్ళలో ఒకావిడ ఇప్పుడు మందుల షాపు కౌంటరులో ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, పని మానేసి ఆరు నెలలైనా. ఎందుకు మానేశావమ్మా అన్నాను. ఇంటి పరిస్థితులు సార్ అంది. ఇంకేమైనా? ఇంటి పరిస్థితులే సార్. తలనొప్పి మాత్రలు కొన్నాను, అవసరమయ్యే కొన్నాను.

ఫోను జేబులో పెట్టుకున్నాక, "ఇప్పటికీ పొద్దున్నే అందరికన్నా ముందొస్తున్నారా సార్?" అనడిగింది. ఒక్కరోజు కూడా తప్పలేదన్నాను. ఆవిడ చిల్లర నా చేతిలో పెట్టి, తర్వాతి మనిషి చీటీ అందుకుంది.

నా క్రమశిక్షణ ఆమెకు ఇంకా గుర్తుండడం సంతోషం.

శపథం సంగతి: ఈరోజు తక్కువే మాట్లాడాను. ఆమె అంతకన్నా తక్కువ మాట్లాడింది.

మార్చి 22, శనివారం

మిగిలిన ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నారు, ఇంకొకడు మా బావమరిది. వాణ్ణి ఎప్పుడు పిలిచినా దారం తెగిందనో, మిషను మొరాయించిందనో తప్పించుకున్నాడు. ఈరోజు భోజనానికి వచ్చినప్పుడు అడుగుదామని నేను స్నానం చేసి వచ్చేసరికి, ఆ ఇంటర్వ్యూ అయిపోయిందని మా ఆవిడ నా ఫోను నా చేతికిచ్చింది. వాడు వెళ్ళిపోయాడు కూడా.

"దొంగచాటుగా ఏం కాదు. బావ వింటాడురా అని చెప్పే పెట్టాను. 'బావ వినడక్కా, మాట్లాడతాడు' అన్నాడు."

విన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

"బావ మంచోడేనక్కా. అదే వచ్చిన చిక్కు. తిట్టేవాడైతే మేమూ నాలుగు తిట్టుకుని పన్లో పడతాం. ఈయన ఒక్క మాటనడు. పొద్దున్న పోతే నేను కుట్టింది ఉండదు. నా దారం చెత్తబుట్టలో ఉంటుంది, బ్యాగు మీద బావ కుట్టు ఉంటుంది. మూడేళ్ళు, అదేంటంటే... రోడ్డు మీద పిల్లలు బ్యాగులేసుకుని పోతుంటారు కదా. ఒక్కటి, ఒక్క బ్యాగు చూపించి అది నేను కుట్టిందిరా అనడానికి లేదక్కా. కొత్తోళ్ళు నెల చూస్తారు, రెండు నెలలు చూస్తారు, పోతారు. నేను మీ మొహం చూసి ఉన్నా. వచ్చే నెల నేనూ మానేస్తా. ఆయనకి చెప్పకు. ఆ... రికార్డింగు కదా. సరేలే."

మార్చి 23, ఆదివారం

శాంత చిత్తంతో ఆలోచించగా:

ఇది ఒక్క మనిషి అభిప్రాయం. ఒక్కరితో నిర్ధారణకు రాకూడదని పుస్తకంలో స్పష్టంగా ఉంది. పైగా అడిగినది సొంత అక్క. పైగా కడుపు నిండా తిన్నాక. పైగా ఎవరైనా వంకర కుట్టును వంకర కుట్టు అని ఒప్పుకుంటారా?

దోషాల నాలుగు పేజీలు మళ్ళీ తీశాను. అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుందట. అధికారం ఉన్నవాడు అడిగితే అతనికి నచ్చేదే చెబుతారట. దాని కింద కూడా నా గీత ఉంది. స్కేలుతో, తిన్నగా.

మార్చి 25, మంగళవారం

జిప్పులక్కను మళ్ళీ పిలిచాను. పిప్పరమెంటు లేదు, ఫోను లేదు. అడగవలసిన ప్రశ్న ఒకటే. అడగలేదు. దానికి బదులు నా వాదన మొదలుపెట్టాను. వంకర బ్యాగు షాపుకు వెళితే వెనక్కి వస్తుందని, వస్తే మాట పడేది వాళ్ళేనని, వాళ్ళను కాపాడ్డానికే పొద్దున్నే వస్తున్నానని. ఎంతసేపు చెప్పానో తెలియదు. టీ చల్లారింది. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డురాలేదు. శపథం నాది, పాటించింది ఆవిడ.

చివరికి నిజం అనేశాను. వంకర కుట్టు చూస్తే నాకు నిద్ర పట్టదని.

"మీకు నిద్ర పట్టడానికి మా చేతులు అడ్డమొచ్చాయా సార్?" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

వంకర పోయిందని ఒక్కసారి చూపిస్తే రెండోసారి పోదు కదా అంది. ఎవరికీ ఎప్పుడూ చూపించనే లేదట. మాట అనకపోవడం నా మంచితనం అనుకున్నాను. మిగతా పదకొండు మందీ, పోయిన తొమ్మిది మందీ దాన్ని వేరే పేరుతో పిలుస్తారట. ఆ పేరేమిటని అడిగాను. ఈ ఒక్కటీ వదిలేయండి సార్ అంది.

మార్చి 31, సోమవారం

యజమాని గదిలోకి కాగితాలేవీ లేకుండా వెళ్ళడం ఇదే మొదలు. కారణం నేనేనని చెప్పాను. పొద్దున్నే విప్పడం, కుట్టడం, అంతా. ఆయన కుర్చీ వెనక్కి జరిపారు.

"ఫ్యాను అనుకున్నానయ్యా. ఫ్యానైతే మార్చేవాణ్ణి. నిన్నేం చెయ్యను?"

ఒక నెల గడువు అడిగాను. ఆ నెలంతా బ్యాగులు కుట్టినవాళ్ళ కుట్టుతోనే పోతాయి. వెనక్కి వస్తే బాధ్యత నాది. ఇంకొక్క మనిషి మానేసినా సెక్షను మూత. ఆయన సరేనన్నారు. నెల ఇచ్చింది నమ్మి కాదు, ఇరవై ఏళ్ళలో నేను కాగితం లేకుండా కనిపించడం చూసి అనుకుంటాను.

ఇంటికొచ్చి బావమరిదికి ఫోను చేశాను. నెలరోజులు ఆగమన్నాను. ఎందుకు బావా అన్నాడు. వివరించబోయి మానేశాను. చూద్దాంలే అన్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

అందరితో పాటే వెళ్ళాను. పని మొదలయ్యే ముందు గుమ్మం దగ్గర వీళ్ళంతా నిలబడి కబుర్లు చెప్పుకుంటారని ఇన్నేళ్ళకు తెలిసింది. నన్ను చూసి ఆపేశారు.

బావమరిది బల్ల మీద నీలం బ్యాగు. పక్క అర దగ్గర కుట్టు నూలుపోగంత పక్కకు జరిగింది. నూలుపోగంతే. నా చెయ్యి కత్తెర కోసం జేబులోకి వెళ్ళింది. కత్తెర ఇంట్లో, మా ఆవిడ తాళం వేసిన బీరువాలో.

"బాగుంది," అన్నాను. వాక్యం అక్కడితో పూర్తయింది. నేను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాను.

"కానీ," అన్నాను.

చుట్టుపక్కల మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. వాడు బ్యాగును నా వైపు తిప్పాడు. రెండు చేతులూ దాని మీద పెట్టే ఉంచాడు.

"చెప్పు బావా. ఎంతసేపైనా చెప్పు. విప్పకు."

చెప్పాను. ఎంతసేపైనా అన్నాడు కనుక అంతసేపూ చెప్పాను. వాడు విని, ఆ నాలుగు వేళ్ళ మేర తనే విప్పుకుని, తనే మళ్ళీ కుట్టాడు. ఈసారి వంకర ఇటు పక్కకు వచ్చింది. ఇద్దరం చూశాం. వాడే దాన్ని పెట్టెలో పెట్టి, మూత అంటించాడు. బండి ఎక్కింది.

రేపటి నుంచి ఇంటర్వ్యూలు మళ్ళీ మొదలు, కటింగు మేస్త్రీతోనే. అడిగేది జిప్పులక్క. నేను గది బయట కూర్చుంటాను. శపథం పాతదే, మొదటి అక్షరం నుంచి: ప్రశ్న తప్ప మరో మాట మాట్లాడను. "కానీ" అన్న మాటకు మాత్రం మినహాయింపు, అదీ పగటిపూట, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు.