కంప్యూటర్‌లో కలిసిన చేలు

తిరుపతి,
9 ఆగస్టు 1999

పూజ్యులైన పెదనాయనకు ధరణి నమస్కారాలు.

నేను చేరిన ఆఫీసులో పని బాగుంది. తాగునీటి పథకం కోసం ఊళ్ళ పటాలను కంప్యూటర్‌లో గీస్తున్నాం. పాత కాగితం పటాన్ని తెర మీదికి తెచ్చుకుని, దాని మీదే మౌస్‌తో మళ్ళీ గీయాలి. ఒక్కో మూలలో నొక్కుకుంటూ చేను చుట్టూ తిరిగి, చివర రెండుసార్లు టకటకా నొక్కితే చేను మూసుకుంటుంది. దారికి గీత, బావికి చుక్క.

ఈ వారం నా వంతుకు మన పూలమిట్టే వచ్చింది! సంబరంలో చేయి తగిలి మన బావిని చెరిపేశాను. ప్రాణం పోయినంత పనైంది. ఒక్క మీట నొక్కితే మళ్ళీ వచ్చింది లెండి. పెద్దమ్మను అడిగానని చెప్పండి.

మీ తమ్ముడి కూతురు,
ధరణి

తా.క.: మన పశువుల కొట్టాన్ని కాస్త జరపబోతే దారికి అవతల పడింది. రేపు ఇవతలికి తెస్తాను.

పూలమిట్ట,
14 ఆగస్టు

చిరంజీవి ధరణికి పెదనాయన కృష్ణమూర్తి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, కొట్టం సంగతి తప్ప. నీ ఉత్తరం వినగానే మీ పెద్దమ్మ పరుగెత్తిపోయి చూసి వచ్చింది. కొట్టం ఉన్నచోటే ఉంది. కానీ కంప్యూటర్‌లో అవతల ఉంటే, రేపు ఏ అధికారో వచ్చి ‘ఇక్కడిది తీసేయండి’ అంటే ఏం చెప్పేది?

బావి సంగతి ఇంకా ఘోరం. వానల్లేక ముందే తగ్గింది, నువ్వు చెరిపిన వారంలోనే పూర్తిగా అడుగంటింది. మోటారు గాలి పీలుస్తోంది. వేరుశనగ వాడిపోతోంది. బావిని వెనక్కి తెచ్చేటప్పుడు నీళ్ళు కూడా వచ్చాయో లేదో ఒకసారి చూడు.

ఎదురింటి తాయమ్మ కూడా వచ్చింది. “ధరణమ్మ చేతిలో అంత అధికారం ఉండాది గదా, మా ఇంటిని రవంత జరిపి కొళాయి పక్కన పెట్టమనప్పా” అంటోంది.

ఇట్లు,
కృష్ణమూర్తి

తా.క.: పక్క చేని చెంగల్రాయుడికీ నాకూ మాటల్లేవని నీకు తెలుసు. గట్టు మీది మునగచెట్టు ఎవరిదని గొడవ. చెట్టు గాలివానకు పడిపోయి చాలా కాలమైంది, గొడవ మాత్రం పచ్చగా ఉంది. గట్టు గీసేటప్పుడు నీ చేయి కాస్త వాడివైపు జారినా నేనేమీ అనుకోను.

తిరుపతి,
20 ఆగస్టు

పెదనాయనకు నమస్కారాలు.

అయ్యో పెదనాయనా, అది ఉత్త బొమ్మ! నేను బావిని చెరిపితే పోయేది చుక్కే, నీళ్ళు కాదు. తాయమ్మత్త ఇంటిని తెర మీద కొళాయి పక్కకు జరిపినా, ఆమె బిందె మోయక తప్పదు.

గట్టును జరపడం మాత్రం కుదరదు. గీతకు ప్రతి మలుపులో ఒక చిన్న చుక్క ఉంటుంది. దాన్ని పట్టి లాగితే హద్దు కదులుతుంది, నిజమే. కానీ మా రఘునాథ్ సారు ప్రతి గీతనూ పాత పటంతో సరిచూస్తారు. పైగా చేలు ఒక పొర, దారులు ఒక పొర, బావులు ఒక పొర. గాజుపలకల్లాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఏ పొరను దిద్దడానికి తెరిస్తే అదే మారుతుంది. ఆఫీసు వేళ మించితే సారు ఆ పొరలన్నీ మూయించేస్తారు.

మీ
ధరణి

తా.క.: రెండు చేలను ఎంచుకుని ‘కలుపు’ అంటే ఒకటే చేను అవుతుందట. నేర్చుకుందామని మన చేనునూ చెంగల్రాయుడు మామ చేనునూ కలిపి చూశాను. భలే పెద్ద చేను వచ్చింది! ‘ఇలాగే భద్రపరచాలా?’ అని అడిగితే అలవాటుగా అవునన్నాను. వచ్చే వారం విడదీస్తాను.

పూలమిట్ట,
25 ఆగస్టు

చిరంజీవి ధరణికి ఆశీస్సులు.

నువ్వు చేసింది చిన్న పని కాదు. నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని పైకి చదివాను. నేను మడిచేలోగా తాయమ్మ ఆ మాట చెంగల్రాయుడికి చేరవేసింది.

మర్నాడు తెల్లారేసరికి వాడు పారతో గట్టు మీద నిలబడి ఉన్నాడు. నాతో మాటల్లేవు కదా, తన ఎద్దుతో అంటున్నాడు: “మన సేను ఇంతగా ఎండిపోయి ఉండాదేమిరా?” మన సేనట! చూస్తుండగానే గట్టు తెగ్గొట్టి, తన బోరు నీళ్ళను మన వేరుశనగలోకి మళ్ళించాడు.

నేను ఆగలేక నోరు తెరిచాను. “యాడికప్పా నీళ్ళు వదుల్తా ఉండావు? అది నా సేను!”

“నీదీ నాదీ యాడుండాది? కంప్యూటర్లో కలిపేసినారంట గదా. ఒక సేనంటే ఒకటే తడి” అన్నాడు.

ఇది దౌర్జన్యం. మండలాఫీసులో ఫిర్యాదు చేద్దామని చొక్కా వేసుకున్నాను. మీ పెద్దమ్మ అడ్డుపడి, “సాయంత్రానికే ఆకు తలెత్తింది, సూడు. ఫిర్యాదు పంట పెరికినాక ఇస్తే పోలా?” అంది. చొక్కా విప్పేశాను.

ఇట్లు,
కృష్ణమూర్తి

తా.క.: చేలు విడదీస్తానన్నావు. తొందరేమీ లేదు. కాయ ముదరనీ.

తిరుపతి,
30 ఆగస్టు

పెదనాయనకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందేలోగానే రఘునాథ్ సారు చూసేశారు. “రెండు సర్వే నంబర్లకు ఒకే చేనా అమ్మాయ్?” అని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. పెద్ద చేనును గట్టు వెంబడి గీత గీసి రెండుగా కోశాను. పటం అచ్చు కూడా అయిపోయింది.

పెదనాయనా, ఈ మాట మీరే వెళ్ళి చెంగల్రాయుడు మామతో చెప్పాలి. ఆయన ఒకటే చేను అనుకుని నీళ్ళిస్తుంటే, తెలిసీ ఊరుకోవడం మోసమవుతుంది. నా మీద కోపగించుకోకండి.

మీ
ధరణి

తా.క.: అచ్చుకు ముందు కొట్టాన్ని వెనక్కి తెస్తుంటే, పొరలన్నీ తెరిచి ఉండి ఊరంతా ఎంపికైపోయి, మొత్తం పూలమిట్టే కాణిపాకం వైపు కదిలింది. వెంటనే సరిచేశాను. మీకేమైనా తెలిసిందా?

పూలమిట్ట,
8 సెప్టెంబరు

చిరంజీవి ధరణికి ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది. ఇంకొక్క తడి అయ్యాక చెబుదామని ఉత్తరాన్ని మెల్లగా చదువుతూ వచ్చాను. మీ పెద్దమ్మ కంచం తీసి పక్కన పెట్టి, “చెప్పొచ్చి తిను” అంది. వెళ్ళక తప్పలేదు.

చెంగల్రాయుడు బోరు దగ్గర ఉన్నాడు. తల వంచుకుని ఉన్నది చెప్పాను.

“విడదీసేసినారా?” అన్నాడు.

“ఆ. అచ్చు కూడా వేసేసినారంట.”

వాడు పార కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. “అది ఉత్త బొమ్మని నాకు తెల్దా అప్పా? మా అల్లుడు చిత్తూరులో ఆ పనే చేస్తా ఉండాడు. పక్కన కూసోబెట్టుకుని అంతా సూపించినాడు.”

“మరి నీళ్ళెందుకు వదిలినావు?”

వాడు నవ్వు ఆపి మన చేని వైపు తిరిగాడు. “దినామూ కండ్ల ముందరే ఎండిపోతా ఉండాది. నువ్వా నోరు తెరిసి అడగవు. నేనా పిలిసి ఇయ్యలేను. ఆ పాప రాసిన మాట దొరికింది, పట్టుకున్నా.”

నేను నోరు తెరిచి, “ఇంకొక తడి కావల్ల” అన్నాను ధరణీ.

“అడిగినావు గదా, సాలు” అంటూ పార అందుకున్నాడు.

ఇట్లు,
కృష్ణమూర్తి

తా.క.: మన ఊరు తెర మీద ఎట్లా ఉందో చూడాలని వాడికీ నాకూ ఆశ పుట్టింది. శనివారం ఇద్దరం ఒకే బస్సులో వస్తున్నాం. కిటికీ పక్క సీటు ఎవరిదని ఇప్పటికే మాటా మాటా అనుకున్నాం. ఎందుకైనా మంచిది, మీ ఆఫీసులో రెండు కుర్చీలు దూరం దూరంగా వేయించు.