ఎర్రకోటు కొత్తమ్మాయి

విమలా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ టీవీలో నీ ఇంగ్లండు బ్యాండు కనిపించింది. రాజమండ్రిలో చదివే రోజుల్లో నువ్వు అరిగిపోయేదాకా విన్న క్యాసెట్ వాళ్ళదే. ఎనభైల్లో వాళ్ళకి పేరు తెచ్చిన గాయనిని వాళ్ళే గెంటేశారు. ఆమె విడిగా పాడిన పాటలు ఎవరూ కొనలేదని నువ్వు బాధపడేదానివి. ఇప్పుడా మగవాళ్ళు పొట్టలేసుకుని మళ్ళీ కలిశారు. ఆమె చోట ఒక కొత్తమ్మాయిని నిలబెట్టారు. అదే పొట్టి జుట్టు, అదే ఎర్రకోటు, అవే పాటలు. జనం చప్పట్లు కొడుతున్నారు.

సంవత్సరీకానికి కొవ్వూరు నుంచి వచ్చిన అక్క పక్కనే కూర్చుని చూస్తోంది.

"బాగానే పాడుతోంది కదరా. ఎవరు పాడితే ఏంటి?" అంటూ సంచిలోంచి ఒక ఫోటో తీసింది. "పెనుగొండ సంబంధం. ఏడాది ఆగాం కదా, ఇంక చాలు. ఏరి కోరి చూశాను, అచ్చం మీ ఆవిడ పోలికే."

టీవీ కట్టేశాను. ఫోటో చూడకుండానే తిరిగి ఆమె సంచిలో పెట్టాను.

అక్క బస్సెక్కాక నీ క్యాసెట్ పెట్టాను. నువ్వు పదేపదే వెనక్కి తిప్పి విన్న చోట టేపు నలిగి, గొంతు కాస్త వణుకుతుంది. ఆ వణుకు ఏ కొత్తమ్మాయికీ రాదు.