నంబరు మీద మీ బోర్డు

ఇంటి ఓనరు గారికి,

పై వాటాలో అద్దెకుండే ముసలిదాన్ని. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. పైన ఆ ‘గారు’ దానిది, మిగతా మాటలన్నీ నావి.

మీ బోర్డు పగలగొట్టానని ఇల్లు ఖాళీ చేయమంటూ కాగితం పంపారు. అవును, పగలగొట్టాను. రోకలిబండతోనే.

పోయిన నెల మా ముసలాయన కుప్పకూలాడు, ఊపిరి లేదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అవతలి పిల్ల ముందు ఇంటి నంబరు అడిగింది. “బండి బయల్దేరింది అమ్మమ్మా, ఫోన్ పెట్టేయకండి. ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ ఉండండి, నేను లెక్కపెడతాను” అంది. అక్షరమ్ముక్క రానిదాన్ని, ఆ పిల్ల చెప్పినట్టే నొక్కాను. ఇంతలో “బండి మీ వీధిలోనే తిరుగుతోంది, నంబరు కనబడటం లేదట” అంది. ఎలా కనబడుతుంది? దాని మీద మీ పేరూ, పేరుకి తోకలా నాలుగు డిగ్రీలూ ఉన్న బోర్డు మేకులు కొట్టి పెట్టారుగా! మనవరాలు రోడ్డు మీదికి పరిగెత్తి చేతులూపితే గానీ బండి ఆగలేదు. మీరేమో కిటికీలోంచి “ఏంటా గోల?” అన్నారు. అంత చదువూ ఏ ఏట్లో కలిసిందో!

ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఆ రోజే మీ బోర్డు పని పట్టాను.

కొత్తది చేయించుకోండి, నంబరు కింద తగిలించుకోండి. ఖాళీ చేయించే ముందు మాత్రం ఒకటి ఆలోచించుకోండి. రేపు మీరు పడిపోతే, బండి వచ్చేదాకా గుండె నొక్కడం తెలిసిన మనిషి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. మీ డిగ్రీలు వచ్చి నొక్కవు.