భూమన్న చేతి వాచీ

ఆర్మూర్,
26 ఫిబ్రవరి 1992, బుధవారం.

తమ్ముడు గంగాదాస్‌ను అక్క మంగవ్వ దీవించి రాయునది. ఇక్కడ మన ఇంట్లో అందరం బాగానే ఉన్నాము. మన ఇంట్లో అని ఎందుకు రాశానో నీకు తెలుసు. నువ్వు వేళకు తిని, పనిలో జాగ్రత్తగా ఉండు.

మన వాడ భూమన్న ఎక్కిన విమానం కూలకముందు నువ్వు షార్జాలో వేసిన ఉత్తరం, కూలిన తర్వాత నాకు అందింది. నువ్వు అడిగినవాటికి జవాబు రాద్దామని కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా పోయి చూసి వస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. దవాఖానకు పోదామంటే పసుపు పని ఒడవనీ అంటుంది. పసుపు తవ్వడం అయిపోయింది, ఉడకబెడుతున్నాము. కొమ్ము బాగానే ఊరింది. మీ బావ లింగన్న మార్కెట్ యార్డులో తూకం దగ్గరే ఉన్నాడు. కాంటా ముందర ఊరికే నిలబడిపోతున్నాడని హమాలీలు చెప్పారు. భూమన్న చేత బావకు పంపుతున్న వాచీ ముట్టగానే రాయమని కూడా అడిగావు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

కబురు వచ్చిన రోజు నుంచి పొద్దున భూమన్న ఇంట్లోనే ఉంటున్నాను. నీళ్లు పట్టి, అన్నం పెట్టి వస్తాను. ఆయన భార్య అంజవ్వ పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంటుంది. ఆయన తల్లి ముత్తవ్వ మాత్రం చూడవచ్చిన ఆడవాళ్లను తిట్టి పంపేది.

"ఎవరు సచ్చిండ్రని ఏడుస్తున్నరే? నా కొడుకు విమానమే ఎక్కలే. వాడు చిన్నప్పటిసంది గంతే గద! నిజామాబాద్ బస్సు పోయినంక ఉరుక్కుంట వస్తడు. వాని లగ్గం టైముకు గుడ రాలే. అడుగుండ్రి గీ అంజిని."

"అవును, అయ్యగారు మంత్రాలు మళ్ల మొదటికెల్లి సదివిండు" అంది అంజవ్వ ఏడుస్తూనే.

ఒకరిద్దరు నవ్వారు. నవ్వినందుకు సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

కలెక్టరాఫీసుకు బొంబాయి నుంచి శవాల ఫోటోలు వచ్చాయని తెలిసి వాళ్లిద్దరినీ బస్సులో నిజామాబాద్ తీసుకుపోయాను. బాల్కొండ వాళ్లు, సిరికొండ వాళ్లు వరండాలో కూర్చుని ఉన్నారు. ముఖాలు గుర్తుపట్టేలా లేవు. చేతులవి, బట్టలవి ఫోటోలు తీసి పంపారు. అంజవ్వ చూడలేదు. ముత్తవ్వ ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూసింది. వాచీ ఉన్న చెయ్యి ఫోటో దగ్గర ఆగింది.

"ఎవ్వల పోరడో పాపం, వాచీ గుడ పెట్టుకున్నడు. మావోనికి వాచీ ఏడిది? ఉంటే బస్సులెందుకు తప్పుతయి?" అని పక్కనున్న బాల్కొండ ఆమెకు ఇచ్చింది. "మీవోడా, జర సూడు చెల్లె."

ఆమె తమవాడు కాదంది. ఫోటో చేతులు మారుతూ నా దగ్గరకు వచ్చింది. నేను కూడా చూసి పక్కన పెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు జక్రాన్‌పల్లి దగ్గర ముత్తవ్వ అరటిపండు కొనమని అడిగి తిన్నది. కబురు వచ్చాక తనంతట తాను అడిగి తినడం అదే మొదలు.

తమ్ముడూ, ఆ వాచీ నేను పోల్చుకున్నాను. నువ్వు ఫోన్‌లో చెప్పినట్టే బంగారు రంగు, తేదీ కనపడేచోట ఎరుపు. కస్టమ్స్ వాళ్లు అడగకుండా భూమన్న చేతికే కట్టి పంపుతున్నానని కూడా చెప్పావు కదా. అన్నీ తెలిసి నోరు తెరవలేదు. తెరిస్తే ఆ ముసలామె పండు తినదు. నాకు కనపడింది అంతే.

ఎవరూ గుర్తుపట్టని వాళ్లందరినీ బొంబాయిలోనే కలిపి దహనం చేస్తామని తర్వాత కబురు వచ్చింది. అప్పుడు మీ బావకు చెప్పాను.

"ఎవలో ఏమో తీర్గ కాలవెడ్తరా భూమన్నను? నడువు, ఇప్పుడే చెప్పు" అన్నాడు.

పోయేసరికి ముత్తవ్వ వాకిట్లో మక్కలు వలుస్తున్నది. పక్కన కూర్చుని చెప్పాను. కంకి కింద పెట్టలేదు.

"నీ తమ్ముడే కట్టిండా?"

"కట్టిండు పెద్దమ్మా."

"ఎందుకు కట్టిండే? టైము ఎర్కలేకుంటే ఎప్పటితీర్గనే తప్పిపోతుండె గద నా కొడుకు."

ఈ మాట నీకు రాయవద్దనే అనుకున్నాను. కానీ వాడలో అందరూ విన్నారు. మాట బాల్కొండ దాకా పోయింది, అక్కడివాళ్లు కొందరు వచ్చే నెల షార్జాకు తిరిగి వస్తున్నారు. వాళ్ల నోట వినడం కన్నా నా రాతలో చదవడం మేలు. నీ తప్పు లేదని రాస్తే నువ్వు నమ్మవు. అందుకే రాయడం లేదు.

మీ బావ, అంజవ్వ వాళ్ల అన్న కలిసి బొంబాయి పోయి భూమన్నను తెచ్చారు. పెట్టె విప్పవద్దన్నారు, విప్పలేదు. ఇక్కడే కాల్చాము. అంజవ్వ వాచీ ఇవ్వబోతే మీ బావ తీసుకోలేదు.

అప్పటి నుంచి ముత్తవ్వ నాతో మాట్లాడలేదు. నేను పోగానే గోడవైపు తిరిగి పడుకునేది. అయినా అన్నం తీసుకుపోతూనే ఉన్నాను. నిన్న గిన్నె దించి వస్తుంటే వెనుక నుంచి పిలిచింది.

"మంగా, గా దినం వాడేమన్న తిన్నడా?"

నాకు తెలియదన్నాను.

"నీ తమ్మునికి ఎర్కుంటది. ఉత్తరం రాసి అడుగు."

కాబట్టి తమ్ముడూ, ముత్తవ్వ పేరు మీదనే రాయి. ఆ రోజు మీ గదిలో ఎవరు వండారు, భూమన్న ఎంత తిన్నాడు, విమానం కోసం బండి ఎక్కేటప్పుడు ఏమన్నాడు, అన్నీ రాయి. తినకుండా పోయి ఉంటే తినలేదనే రాయి. ఆమె మనసు కోసమని ఒక్క మాట కూడా కలపకు. చదివి వినిపించేది నేనే. చదువుతున్నంతసేపూ ఆమె నా ముఖమే చూస్తుంది.

ఇట్లు,
నీ అక్క
మంగవ్వ