వంద వోల్టుల మిషన్

నందిగామ,
ఆదివారం.

ప్రియమైన బేబీకి,

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ పాపా బాగున్నాం. జపాన్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. పార్సిల్‌లో పెట్టి పంపిన నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. మొన్న ఫోన్లో "చదివావా?" అని అడిగితే, చదివానని చెప్పి మాట మార్చేశాను. నీ గొంతు వింటూ ఈ సంగతి చెప్పలేను. అందుకే కాగితం తీశాను.

ముందు నువ్వు అడిగినవి. పాప లెక్కల్లో గట్టెక్కింది. నువ్వు పంపిన స్వెట్టరు ఈ ఎండల్లోనే వేసుకుని తిరుగుతోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. అక్కడ నువ్వు చూసుకునే పెద్దావిడ నీ చేత్తో పెడితే తప్ప తినడం లేదని రాశావు. చదివి గర్వంగా అనిపించింది.

ఇక చివర అడిగిన మాట. "నేను కొన్న మిషన్ వల్లే మేస్త్రిగారి వేళ్ళు పోయాయా? కొట్టువాడు నాకు పాడు సరుకు అంటగట్టాడా?" అన్నావు. ఆ రోజు జరిగింది నీకు సగమే చెప్పాను బేబీ.

చందర్లపాడులో రిటైర్డ్ టీచరు జగన్నాథరావుగారింట్లో తలుపుల పని. గృహప్రవేశం దగ్గరపడింది. పనిలో ఉన్నది నేనూ, నాకు ఈ పని నేర్పిన అల్లాబక్ష్ మేస్త్రిగారూ. నువ్వు తెచ్చిన కటింగ్ మిషన్ మన షెడ్డులో ఆరు నెలలు చక్కగా పనిచేసింది. అది జపాన్ కరెంటుకు సరిపోయే వంద వోల్టులది, మన గోడలో వచ్చేది రెండువందల ముప్ఫై. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టనిదే వాడొద్దని ఎయిర్‌పోర్టులో కూడా చెప్పావు. ఆ పెట్టె పదిహేను కిలోలుంటుంది. బండి మీద చెక్కలు కట్టాక దానికి చోటు లేదు. ఇంకోసారి వచ్చి తీసుకెళ్ళొచ్చు, బద్ధకించాను. చిన్న అడాప్టర్ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాను. అది ప్లగ్గు పట్టేలా చేస్తుంది గానీ కరెంటును తగ్గించదు. తెలియక చేసింది కాదు. నాలుగు కోతలే కదా అనుకున్నాను.

సాకెట్ లోపలి గదిలో ఉంది. మేస్త్రిగారు వరండాలో చెక్క సర్దుకుంటూ కేకేశారు.

"కృపా, పెట్టె పెట్టావా రా?"

"ఆ, పెట్టా మేస్త్రీ" అన్నాను.

ఆయన మిషన్ మీట నొక్కగానే, రెట్టింపు కరెంటుకి మోత మారిపోయింది. మిషన్ కీచుమని అరిచింది. నేను బయటికి పరుగెత్తేలోపే అది చెక్క మీద నుంచి ఎగిరి, ఆయన ఎడమ చేతి మీదికి వచ్చింది. రెండు వేళ్ళు సగానికి పోయాయి. రంగులేసేవాళ్ళు, తాపీవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆయన చేతికి తువ్వాలు చుడుతుంటే, నేను లోపలికెళ్ళి అడాప్టర్ పీకి జేబులో దాచాను.

ఆస్పత్రిలో ఎవరు అడిగినా ఆయన ఒకటే మాట. "మిషన్‌ది తప్పేం లేదండి. నా చెయ్యి వణికింది. వయసైపోయింది." నేను ఊరుకున్నాను. నీకూ అదే చెప్పాను. గాయం మానాక కూడా ఆయన పనికి రాలేదు. ఉలులు, చిత్రికలు గోతంలో కట్టి అటకెక్కించేశారు.

నీ ఉత్తరం చదివాక ఇక ఉండలేకపోయాను. మొన్న కాదు, అటు ముందు శుక్రవారం వాళ్ళింటికి వెళ్ళి, నిలబడే చెప్పాను. "పెట్టె పెట్టలేదు మేస్త్రీ. అబద్ధం చెప్పా."

ఆయన మెల్లగా అన్నారు. "వేళ్ళు పోతే పోయినయ్ లేరా. నలభై ఏళ్ళ చెయ్యి వణికిందని ఊరంతా నేనే చెప్పుకు తిరిగాను గదరా! రోజూ పొద్దున్నే చెయ్యి చాపి చూసుకుంటున్నా, వణుకుతుందా అని."

వాళ్ళావిడ మౌలాబీగారు గుమ్మంలోంచే అన్నారు. "టీ గ్లాసు గూడా రెండు చేతుల్తో పట్టుకుంటున్నాడయ్యా ఈయన. ఎన్ని రోజులు చూస్తా ఊరుకున్నావు?"

"నాకు చెప్తే చాలదు. ఆ వరండాలోనే చెప్పు, అందరి ముందూ" అని మేస్త్రిగారు మొహం తిప్పుకున్నారు.

మర్నాడే చందర్లపాడు వెళ్ళాను. రంగులేసేవాళ్ళు, తాపీవాళ్ళు ఉండగానే జగన్నాథరావుగారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత జరిగాక నీకు పనివ్వలేనయ్యా. అల్లాబక్ష్‌గారు వస్తానంటే ఆయన చేతే చేయించుకుంటా" అన్నారు. న్యాయమే అనిపించింది. తలవంచుకుని వచ్చేశాను.

బుధవారం మేస్త్రిగారే ఫోన్ చేశారు. "రేపు చందర్లపాడు రా. నీకు పని కాదు, పని నాది. చెక్క పట్టుకోను ఎడం చెయ్యి కావాలి నాకు."

మూడు రోజులుగా పట్టుకుంటున్నాను. ఆయన చేతిరంపంతోనే కోస్తున్నారు. "ఇటు", "గట్టిగా" తప్ప నాతో వేరే మాట లేదు. నిన్న సింహద్వారం చిత్రిక పట్టడం అయ్యాక, కుడి చెయ్యి చాపి దానివంక కాసేపు చూసుకున్నారు. వణకలేదు. అదే చేత్తో పొట్టు దులిపి, రెండో తలుపు ఎత్తమన్నట్టు నాకు సైగ చేశారు.

నువ్వు కొన్న మిషన్‌లో ఏ లోపమూ లేదు బేబీ. నెల రోజులు నువ్వు పడ్డ దిగులు నా వల్లే. కోపం వస్తే కోపంగానే రాయి, చదువుతాను.

ఇట్లు,
నీ ఇంటాయన
కృపారావు